ఒక్క చేపల డబ్బాతో ముగ్గురికి కూర: కొనుడు నుంచి కడుగుడు దాకా

నల్లగొండకైనా పాలమూరుకైనా సముద్రం దూరమే. మనకు చేప అంటే చెరువు చేప: రవ్వ, బొచ్చె, కొర్రమీను, వానలు పడంగనే పరకలు. డబ్బాలో వచ్చే సార్డీన్ అట్ల కాదు, అది సముద్రపు చేప. కోస్తా దిక్కు కవళ్లు అంటరు, కేరళోళ్లు మత్తి అంటరు. జానెడు కూడా ఉండదు. తల, పేగులు తీసేసి, డబ్బాలో వరుసగా పేర్చి, నూనెనో టమాట రసమో పోసి, మూత బిగించినంక ఆవిరి ఒత్తిడి మీద 121 డిగ్రీల దాకా ఉడికిస్తరు. అందుకే తెరిచే దాకా ఫ్రిజ్ అక్కర లేదు. తెరిచినంక ఉడకబెట్టే పని లేదు. నడుమ ముల్లు వేళ్ల మధ్య నలిపితే పిండి అయిపోతది.

దిల్‌సుఖ్‌నగర్‌లో రూము తీసుకుని చదువుకునే పిల్లలకు, పూనా, బొంబాయి సైట్ల మీద ఒంటి పొయ్యితో వండుకునేటోళ్లకు, పొద్దుగూకినంక డ్యూటీ దిగి వచ్చి ఇరవై నిమిషాల్లో తిని పండుకోవాలనుకునేటోళ్లకు ఇది పనికొస్తది. చవకనా అంటే, ఎట్ల కొన్నరు, ఎట్ల తిన్నరు అన్నదాన్ని బట్టి. నూనె పారబోసి, ముల్లు ఏరేసి, డబ్బా మొత్తం ఒక్కరే ఒక్క పూట తింటే అది ఖరీదైన తిండే.

ముందు లెక్క తేల్చుకోండి

డబ్బా మీద రెండు తూకాలు ఉంటయి. ఒకటి మొత్తం తూకం, రెండోది నూనె కారినంక మిగిలే చేప తూకం. 125 గ్రాముల డబ్బాలో చేప మామూలుగా 90 గ్రాముల దగ్గర ఉంటది, తక్కినదంతా నూనె. ధరను ఎప్పుడైనా ఈ రెండో తూకంతోనే భాగించాలె. ఉదాహరణకు 150 రూపాయల డబ్బాలో 90 గ్రాముల చేప ఉంటే 10 గ్రాములకు 16 రూపాయల 70 పైసలు పడుతది. 350 రూపాయల పెద్ద డబ్బాలో 280 గ్రాములు ఉంటే 10 గ్రాములకు పన్నెండున్నర. పెద్దది చవక అన్నట్టే. కానీ ఇంట్లో ఫ్రిజ్ లేకపోతే, తినేది ఇద్దరే అయితే పెద్ద డబ్బా జోలికి పోవద్దు. మిగిలిన చేప పాడైతే ఆ చవక అంతా చెత్తబుట్టలోకే.

90 గ్రాముల చేపలో ప్రోటీన్ దాదాపు 22 గ్రాములు. మూడున్నర గుడ్లలో ఉన్నంత. ఒట్టి ప్రోటీన్ కోసమే అయితే గుడ్లు కొనుక్కోండి, ఆ లెక్కలో గుడ్డును ఏ డబ్బా గెలవదు. డబ్బా గెలిచేది వేరే చోట. ముల్లుతో సహా తింటే ఆ 90 గ్రాముల్లో 340 మిల్లీగ్రాముల దాకా క్యాల్షియం వస్తది. పెద్దోళ్లకు రోజుకు 1000 మిల్లీగ్రాములు కావాలని హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ చెప్పేదాంట్లో ఇది మూడో వంతు. బీ12 ఒక రోజుకు కావాల్సినదానికన్నా ఎక్కువే. డీ విటమిన్ ఉంటది. ఒమేగా-3 కొవ్వు ఒక గ్రాము దగ్గర ఉంటది. అన్నం, పప్పు, చారుతో రోజులు గడిపేటోళ్లకు తక్కువ పడేవి సరిగ్గా ఇవే.

కాబట్టి రోజూ తినే వస్తువు కాదిది. వారానికి ఒకటి, ఎక్కువంటే రెండు డబ్బాలు. మిగిలిన రోజులు గుడ్లు, పప్పు, పెసర్లు.

కొనేటప్పుడు

ఊరి కిరాణంలో దొరకదు. పట్నంలో పెద్ద సూపర్‌మార్కెట్లలో ఉంటది, ఆన్‌లైన్‌లో ఆరు డబ్బాల కట్ట తెప్పించుకోవచ్చు. నలుగురు కలిసి తెప్పించుకుంటే డెలివరీ ఖర్చు మీద పడదు.

వేటిలో వేసిందో చూడండి. నూనెలో వేసినది మన వంటకు అన్నిటికన్నా బాగా కుదురుతది. ఉప్పునీళ్లలో వేసినది ఎండినట్టు ఉంటది, పులుసుకు సరే. టమాట రసంలో వేసినదాంట్లో చక్కెర కలిసి ఉంటది. కారం, చింతపండు పడంగనే ఆ తీపి నాలుకకు అడ్డం తగులుతది. అది కొంటే పులుసుకు కాదు, ఇగురుకు వాడండి. 'ముల్లు, తోలు తీసినది' అని రాసి ఉంటే ధర ఎక్కువ, క్యాల్షియం బాగా తక్కువ. ఎక్కువ డబ్బు పెట్టి తక్కువ తినుడు అన్నట్టు.

డబ్బాను చేతిలో తిప్పి చూడండి. పక్కన చిన్న సొట్ట ఉంటే ఫరవా లేదు. మూత కలిసే అంచు మీద సొట్ట ఉంటే వద్దు, కంటికి కనిపించని సందు అక్కడే పడుతది. గోటితో గీకితే పోయే తుప్పు సరే, గుంట పడ్డ తుప్పు వద్దు. మూతను బొటనవేలితో నొక్కితే లోపలికి పోయి 'టక్'మని బయటికి వచ్చినా, ఉబ్బి ఉన్నా, ధర సగానికి తగ్గించి ఇచ్చినా తీసుకోవద్దు. ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ (తిండి వస్తువులకు లైసెన్సు ఇచ్చే కేంద్ర సంస్థ) 14 అంకెల నంబరు, తేదీ ఉన్నయా చూడండి. విదేశం నుంచి వచ్చిన డబ్బా అయితే ఇక్కడ దిగుమతి చేసినోళ్ల చిరునామా చీటీ కూడా అతికించి ఉండాలె.

తెరుచుడు

రింగు ఉన్న డబ్బాను చేతిలో పట్టుకుని లాగొద్దు. నూనె మీద పడుతది, అంచు వేలు కోస్తది. పళ్లెంలో పెట్టి, రింగు కింద చెంచా కాడ దూర్చి పైకి లేపి, 'పుటుక్'మన్నంక మెల్లగా వెనక్కి లాగండి. చివర్లో మూత మొత్తం ఊడదీయకుండా కొంచెం అంటిపెట్టి ఉంచితే నూనె వంపేటప్పుడు చేపలు జారి పడవు. రింగు ఊడిపోతే ఓపెనర్ వాడండి. ఓపెనర్ లేదని కూరగాయల కత్తి మొనతో పొడిస్తే కత్తి మొన విరుగుతది, చెయ్యి తెగుతది.

నూనెను చిన్న గిన్నెలోకి వంపి పక్కన పెట్టండి. చేపలో ఉన్న మంచి కొవ్వు కొంత ఇందులోకి దిగి ఉంటది. చేపలను చెంచాతో ఒక్కొక్కటే లేపి పళ్లెంలో పెట్టండి. నీళ్లతో కడగొద్దు. పచ్చి చేపను ఉప్పు, పసుపు పెట్టి రుద్ది కడిగే అలవాటుతో దీన్ని కూడా నల్లా కింద పెడితే ముక్క విచ్చుకుపోయి మురికి నీళ్ల లెక్క అయితది.

ఒక్కోసారి చేప మీద తెల్లగా, గాజు పెంకు లెక్క చిన్న పలుకులు కనిపిస్తయి. భయపడి పారేయకండి, పరీక్ష చేయండి. పలుకును చెంచాలో వేసి నిమ్మరసం పోసి, ఆ చెంచాను పొయ్యి సెగకు కొంచెం వెచ్చజేసి చూడండి. మెల్లగా కరిగితే అది స్ట్రువైట్ అనే ఉప్పు. చేపలో ఉండే మెగ్నీషియం, ఫాస్ఫేటే డబ్బా చల్లారేటప్పుడు గట్టిపడి అట్ల అయితయి. తిన్నా ఏం కాదు. ఎంత సేపైనా కరగకపోతే అది గాజే అనుకుని మొత్తం పారేయండి.

చింతపండు పులుసు, ముగ్గురికి

ఒక డబ్బాను ముగ్గురికి పంచితే తలా ఏడు గ్రాముల ప్రోటీనే వస్తది, చాలదు. అందుకే పులుసులో మూడు ఉడకబెట్టిన గుడ్లు వేయాలె. అప్పుడు తలా పదమూడు గ్రాములు దాటుతది, చేప రుచి గుడ్డుకు కూడా పడుతది.

కావాల్సినవి: 125 గ్రాముల డబ్బా ఒకటి, గుడ్లు మూడు, పెద్ద ఉల్లిగడ్డలు రెండు, టమాట ఒకటి, పచ్చిమిర్చి మూడు, ఎల్లిపాయ రెబ్బలు ఆరు, నిమ్మకాయంత చింతపండు, కారం చెంచాన్నర, ధనియాల పొడి చెంచా, పసుపు పావు చెంచా, మెంతులు పావు చెంచా, వేయించి దంచిన నువ్వులు రెండు చెంచాలు, కరివేపాకు, పల్లి నూనె రెండు చెంచాలు. ఉప్పు అర చెంచా చాలు. డబ్బాలోని చేపలోనే దాదాపు గ్రాము ఉప్పు ఉంటది. రోజూ వేసే కొలత వేస్తే కూర నోట్లో పెట్టలేరు.

1. చింతపండును రెండు చాయ్ గ్లాసుల వేడినీళ్లలో నానబెట్టండి. ఆలోపు గుడ్లు ఉడకబెట్టి, పెంకు తీసి, కత్తితో నాలుగు గాట్లు పెట్టండి. గాటు పెట్టని గుడ్డు లోపలికి పులుసు దిగదు.

2. గిన్నెలో పల్లి నూనె పోసి మెంతులు వేయండి. మెంతులు ఎర్రబడంగనే ఎల్లిపాయ, కరివేపాకు, పచ్చిమిర్చి వేయాలె. మెంతి నల్లబడితే కూరంతా చేదు, అప్పుడు ఆ నూనె పారబోసి మళ్లీ మొదలుపెట్టుడే. పోపుకు డబ్బా నూనె వాడొద్దు. పెద్ద మంట మీద కాగితే నీసు వాసన ఇల్లంతా అలుముకుంటది, పక్క రూములోళ్లు వచ్చి తలుపు కొడతరు.

3. ఉల్లిగడ్డ సన్నగా తరిగి వేసి, పచ్చివాసన పోయి అంచులు ఎర్రబడే దాకా, ఎనిమిది పది నిమిషాలు వేయించండి. ఈ పులుసుకు చిక్కదనం ఉల్లిగడ్డతోనే వస్తది. పచ్చి చేప ఉడికేటప్పుడు దిగే జిగురు ఇక్కడ ఉండదు కాబట్టి తొందరపడితే పులుసు పలుచటి చారు లెక్క తేలిపోతది.

4. టమాట, పసుపు వేసి మెత్తబడినంక మంట తగ్గించి కారం, ధనియాల పొడి వేసి అర నిమిషం తిప్పండి. చింతపులుసు పిసికి వడగట్టి పోయండి. ఉప్పు, నువ్వుల పొడి, గుడ్లు వేసి మూత పెట్టకుండా పది నిమిషాలు మరగనివ్వండి. నూనె అంచుల మీద తేలాలె.

5. ఇప్పుడు మంట సన్నగా చేసి చేపలను పక్కపక్కన పెట్టండి. పక్కన పెట్టిన డబ్బా నూనెలో ఒక చెంచా పైన పోయండి. మూడు నిమిషాలు చాలు. గంటె పెట్టి కలపొద్దు, గిన్నె చెవులు పట్టుకుని ఊపండి.

ఎక్కువ మంది చెడగొట్టేది ఈ అయిదో దగ్గరనే. చేపను చింతపులుసుతో పాటే వేసి ఇరవై నిమిషాలు మరిగిస్తరు. అది ముందే ఉడికిన చేప, మళ్లీ మరిగితే విచ్చుకుని పులుసు బూడిద రంగు అయితది, ముక్క ఒక్కటి కూడా చేతికి చిక్కదు. దించినంక అరగంట ఆగి తింటే ముక్కకు పులుపు పడుతది.

మిగిలిన డబ్బా నూనెను మర్నాటి పుంటికూర పప్పులో పోపు పెట్టినంక, దించే ముందు వేసుకోండి. ఒక్క రోజు దాటితే వద్దు.

జొన్నరొట్టెకు ఇగురు

ఇది పది నిమిషాల పని. రెండు చెంచాల నూనెలో అర చెంచా జీలకర్ర, రెండు ఉల్లిగడ్డల సన్నటి తరుగు, నాలుగు పచ్చిమిర్చి, పసుపు వేసి ఎర్రగా వేయించి, అర చెంచా అల్లం ఎల్లిగడ్డ ముద్ద వేయండి. డబ్బా చేపను ముల్లుతో సహా ఫోర్కుతోనో చేతితోనో పొడిగా నలిపి వేసి, తడి ఆరే దాకా నాలుగు నిమిషాలు తిప్పండి. కారం చెంచా, మిరియాల పొడి చిటికెడు. కొత్తిమీర, సగం చెక్క నిమ్మరసం పొయ్యి కట్టేసినంకనే. పిల్లలు ముల్లు అని మొండికేస్తే ఇట్ల నలిపి పెట్టండి, తెలియనే తెలియదు.

ఎండాకాలంలో చింతచిగురు దొరికినప్పుడు ఇదే ఇగురులో పిడికెడు పిడికెడుగా రెండు పిడికెళ్ల చిగురు అరచేతుల నడుమ నలిపి, ఉల్లిగడ్డ వేగినంక వేసి, అది మగ్గినంక చేప వేయండి. అప్పుడు నిమ్మకాయ వద్దు. ఎండు చేపలకూ చింతచిగురుకూ మన దగ్గర ఉన్న పొత్తు డబ్బా చేపతో కూడా అట్లనే కుదురుతది, కొందరికి ఇదే ఎక్కువ నచ్చుతది.

పొయ్యే లేకపోతే డబ్బా చేపలో సన్నగా తరిగిన ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఉప్పు లేకుండా కారం, నిమ్మరసం కలిపి సజ్జరొట్టెలో చుట్టుకోండి. చల్లటి అన్నంలో మాత్రం బాగుండదు.

ఎండు చేపలతో పోలిస్తే

అంగడిలో దొరికే ఎండు నెత్తళ్లు 50 గ్రాములు తెస్తే ప్రోటీన్‌లో ఈ డబ్బాకు సాటి వస్తయి, ముల్లు కూడా కలిసే తింటం కాబట్టి క్యాల్షియం కూడా వస్తది. ధర చాలా తక్కువ. తలలు గిల్లి, ఒట్టి పెనం మీద వెచ్చజేసి, గోరువెచ్చటి నీళ్లలో పది నిమిషాలు నానబెట్టి మూడుసార్లు కడిగి పై పులుసులోనే వేయొచ్చు. అయితే అవి ఉడకాలె కాబట్టి చింతపులుసు పోసినప్పుడే వేసి పదిహేను నిమిషాలు మరిగించండి. ఎంత కడిగినా ఉప్పు మిగులుతది. ఇంకో చిక్కు ఉంది: అద్దె ఇంట్లో ఎండు చేప వేయిస్తే ఓనర్ ముందు మెట్లు ఎక్కి వస్తడు. డబ్బాకు ఆ బాధ తక్కువ. సొంతిల్లు, పెరడు ఉన్నోళ్లు నెత్తళ్లే తినండి, డబ్బాకు పైసలు పెట్టుడు ఎందుకు.

మృగశిర కార్తె పడ్డ రోజు, జూన్ 7, 8 తారీఖుల్లో, చేప తినాలని అందరూ ఒక్కసారే మార్కెట్ మీద పడతరు, కిలో ధర ఆ పూట ఎక్కడికో పోతది. డబ్బా ఒకటి ముందే తెచ్చి పెట్టుకుంటే ఆ రోజు లైన్లో నిలబడే పని ఉండదు.

దాచుడు: ఇక్కడే ప్రమాదం

తెరవని డబ్బాలను రేకుల ఇంట్లో అటక మీద పెట్టొద్దు. ఏప్రిల్, మే నెలల్లో బయట 44 డిగ్రీలు ఉంటే రేకు కింద ఇంకా ఎక్కువ. అంత వేడిలో నెలల తరబడి ఉంటే చేప మెత్తబడి రుచి పోతది, కొన్నిసార్లు డబ్బా ఉబ్బుతది. కింద, గోడ మూలకు, పొడిగా ఉండే చోట పెట్టండి. నీళ్ల కుండ పక్కన చల్లగా ఉంటదని పెడితే తుప్పు పడుతది.

తెరిచిన డబ్బాలోనే చేప ఉంచి ఫ్రిజ్‌లో పెట్టొద్దు. స్టీలు డబ్బాలోకి తీసి మూత పెట్టి, రెండు రోజుల్లో తినేయండి. చింతపులుసు పడ్డ కూరను అల్యూమినియం టిఫిన్‌లో రాత్రంతా ఉంచొద్దు, పులుపు లోహాన్ని తింటది. ఫ్రిజ్ లేనోళ్లు తెరిచిన పూటనే మొత్తం వండి తినేయాలె. చిన్న డబ్బా కొనమన్నది ఇందుకే.

బయట వదిలేసిన సార్డీన్‌లో క్రిములు పెరిగి హిస్టమిన్ అనే పదార్థం తయారైతది. దీంతో చిక్కేందంటే, అది ఒకసారి తయారైనంక మళ్లీ మరిగించినా పోదు. పొద్దున తెరిచి మధ్యాహ్నం దాకా బయట ఉన్న చేపను 'బాగా కాగబెట్టి తిన్నం గదా' అనుకుంటే లాభం లేదు. తిన్న కొద్దిసేపటికే, ఎక్కువంటే గంట రెండు గంటల్లో, మొహం ఎర్రబడుడు, దద్దుర్లు, తలనొప్పి, వాంతులు మొదలైతయి. నాలుకకు మిరియాలు తగిలినట్టు చురుక్కుమంటే అక్కడే ఊసేయండి. ఊపిరి ఆడకపోతే ఆగకుండా దవాఖానకు పోవాలె.

ఉబ్బిన డబ్బా, తెరవంగనే బుస్సుమని చిమ్మిన డబ్బా లోపలి చేపను నాలుక చివరికి కూడా తగిలించొద్దు. గాలి ఆడని డబ్బాలో పెరిగే క్రిములు చేసే బాట్యులిజం విషానికి వాసన ఉండదు, రుచి ఉండదు. రెండు కవర్లలో మూట కట్టి, కుక్కలు చింపని చోట పారేయండి. కుక్కలకు వేసుడు కూడా తప్పే.

ఎవరు తగ్గించాలె

యూరిక్ యాసిడ్ ఎక్కువ ఉండి వేళ్ల కీళ్లు వాచేటోళ్లకు సార్డీన్ పడదు. కిడ్నీ జబ్బు ఉన్నోళ్లు డాక్టర్‌ను అడగకుండా తినొద్దు. బీపీ ఉన్నోళ్లు ఉప్పునీళ్ల డబ్బా మానేసి నూనె డబ్బా తీసుకుని, కూరలో ఉప్పు వేయకుండా వండుకోవాలె. కడుపుతో ఉన్నోళ్లు వారానికి ఒకటి రెండుసార్లు తినొచ్చు. చిన్న చేప కాబట్టి పెద్ద సముద్రపు చేపల్లో ఉన్నంత పాదరసం దీంట్లో చేరదు. ఏడాది దాటిన పిల్లలకు కొంచెం కొంచెంగా, కారం లేకుండా, నలిపి పెట్టి చూడండి.

నల్లగొండ జిల్లాలో బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువున్న మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు దిక్కున్నోళ్లకు ఒక మాట. సముద్రపు చేప ముల్లులో క్యాల్షియంతో పాటు కొంత ఫ్లోరైడ్ కూడా ఉంటది. మిషన్ భగీరథ (సర్కారు నల్లా) నీళ్లు తాగేటోళ్లు వారానికి ఒక డబ్బా ముల్లుతో తింటే దిగులు పడాల్సిన పని లేదు. ఇంకా బోరు నీళ్లే తాగుతూ, పండ్లు గారపట్టి, నడుము పట్టేసినట్టు ఉన్నోళ్లు మాత్రం నడుమ ముల్లు తీసేసి కండ తినండి. వేలితో వీపు మీద నుంచి విప్పితే ముల్లు మొత్తం ఒక్క తీగ లెక్క వచ్చేస్తది. క్యాల్షియం పాలు, పెరుగు, నువ్వుల నుంచి తెచ్చుకోండి. కానీ ముందు మార్చాల్సింది నీళ్లు.

తిన్నంక

చేతుల నీసు వాసన సబ్బుతో తొందరగా పోదు. పులుసుకు పిసికిన చింతపండు పిప్పి పారేయకుండా దానితో రుద్దుకుని, తర్వాత సబ్బు పెట్టండి. డబ్బాలో పిడికెడు పొయ్యి బూడిదనో పాత కాగితమో వేసి నూనె తుడిచి, నీళ్లతో ఒకసారి కడగండి. లేకపోతే పొద్దున్నకల్లా చీమలు. మూతను లోపలికి మడిచి అంచును రాయితో చదును చేయండి, పదునుగా వదిలేస్తే కుప్పలో మూతిపెట్టే బర్రెల నాలుకలు తెగుతయి. నాలుగైదు జమ అయినంక పాత ఇనుప సామాన్ల బండికి వేయండి.